కిడ్నీలో రాయి మళ్ళీ మళ్ళీ వస్తుంటే: ఏ పరీక్ష ఎంచుకోవాలి, ఎవరి సలహా పట్టుకోవాలి

రెండోసారి రాయి తీసినప్పుడు దాన్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి నా చేతికిచ్చారు. కందిపప్పు బద్దంత ఉంది. ముదురు గోధుమరంగు, ఒళ్ళంతా గరుకు. ఇంటికొచ్చి చూడ్డానికి వచ్చిన చుట్టాలందరికీ చూపించాను. వారం తిరక్కముందే ఆ డబ్బా ఎక్కడో పోయింది. దాన్ని పరీక్షకి పంపొచ్చని ఆ ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు. వాళ్ళు చెప్పిందల్లా ఒక అచ్చు చీటీలో ఉంది: పాలకూర, టమాటా, వంకాయ, పాలు, పెరుగు మానేయాలి, నీళ్ళు ఎక్కువ తాగాలి. ఆ చీటీని నాలుగేళ్ళు తు.చ. తప్పకుండా పాటించాను. ఐదో ఏడు మూడో రాయి వచ్చింది.

నేను ప్రకాశం జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. డాక్టర్ని కాను. కానీ మూడో రాయి తర్వాత ఒక యూరాలజిస్ట్ గారు, ఆయన దగ్గర పనిచేసే డైటీషియన్ అమ్మాయి కూర్చోబెట్టి అన్నీ విడమరిచి చెప్పారు. అప్పటినుంచీ ఈ విషయం మీద దొరికింది దొరికినట్టు చదువుతూనే ఉన్నాను. ఒక్కసారి రాయి వచ్చినవాళ్ళలో సుమారు సగం మందికి ఐదు నుంచి పదేళ్ళలో మళ్ళీ వస్తుందని డాక్టర్లు చెప్పే లెక్క. అంటే ఇది చదువుతున్న చాలామందికి నాలాంటి అవస్థే ఎదురవ్వచ్చు. మందులు మొదలుపెట్టడం, మానడం మాత్రం మీ డాక్టరు గారితో మాట్లాడాకే.

పరీక్షల సంగతికి వెళ్ళేముందు ఒకటి చెప్పాలి. రాయి నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, ఉన్నది ఒక్క కిడ్నీయే అయినా, ఈ పోలికలన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. ఇన్ఫెక్షన్ ఉన్న కిడ్నీకి రాయి అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ రాసేదంతా నొప్పి తగ్గి, మనిషి తేరుకున్నాక ఆలోచించాల్సిన విషయం.

రాయినే అడగడం

నన్నడిగితే అన్నిటికంటే ముందు చేయించాల్సింది స్టోన్ అనాలిసిస్, అంటే తీసిన రాయి దేనితో తయారైందో చూసే పరీక్ష. మీ ఒంటికి నొప్పి లేదు, సూది లేదు. రాయి జీవితంలో ఒక్కసారి దొరికినా పంపాలి. అయినా మన దగ్గర ఎక్కువమంది వదిలేసేది దీన్నే.

ఎందుకింత ముఖ్యమంటే, రాళ్ళన్నీ ఒకటి కావు. ఎక్కువ శాతం కాల్షియం ఆక్సలేట్ రాళ్ళే (ఆక్సలేట్ అంటే పాలకూరలాంటి వాటిలో ఉండే, ఒంట్లో కూడా తయారయ్యే పదార్థం). వాటితో పాటు కాల్షియం ఫాస్ఫేట్, యూరిక్ యాసిడ్, ఇన్ఫెక్షన్ వల్ల ఏర్పడే స్ట్రూవైట్, వంశపారంపర్యంగా వచ్చే సిస్టీన్ రాళ్ళు కూడా ఉన్నాయి. ఒకదానికి పనికొచ్చే వైద్యం ఇంకోదానికి చెరుపు కావచ్చు. యూరిక్ యాసిడ్ రాయి మూత్రం మరీ పుల్లగా, అంటే పీహెచ్ (పుల్లదనం కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే తక్కువ ఉన్నప్పుడు తయారవుతుంది. పొటాషియం సిట్రేట్‌తో పీహెచ్ 6 నుంచి 6.5 మధ్యకి తెస్తే ఆ రాయి చాలాసార్లు కరిగిపోతుంది కూడా. అదే కాల్షియం ఫాస్ఫేట్ రాయి ఉన్న మనిషి పీహెచ్ చూసుకోకుండా అదే మందు తాగుతూ పోతే రాయి పెరిగే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఆ రాయికి పుల్లదనం తగ్గిన మూత్రమే అనుకూలం. స్ట్రూవైట్ అయితే సూక్ష్మక్రిములు రాయిలోనే కాపురం ఉంటాయి. మొత్తం తీసేసి, ఇన్ఫెక్షన్ తగ్గించుకోకపోతే ఎన్ని నీళ్ళు తాగినా లాభం లేదు.

రాయి బయటికి వస్తుందని డాక్టరు చెప్పినప్పుడు మూత్రాన్ని టీ వడకట్టే జల్లెడలోనో, పల్చటి గుడ్డలోనో వడకట్టండి. దొరికిన ముక్కని నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, శుభ్రమైన పొడి డబ్బాలో పెట్టండి. టేపుతో కాగితానికి అంటించకండి, ఏ మందులోనూ వేయకండి. లేజర్‌తో పొడి చేసినా ఆ పొడి, ముక్కలు పంపొచ్చు. ఆపరేషన్‌కి ముందే "రాయి ముక్కలు నాకివ్వండి, పరీక్షకి పంపాలి" అని అడిగి పెట్టుకోండి. ల్యాబ్‌లో ఇన్‌ఫ్రారెడ్ పద్ధతిలో చేస్తారా అని కనుక్కోండి. రసాయనాల్లో కరిగించి చూసే పాత పద్ధతిలో పొరపాట్లు ఎక్కువ.

నాలాగా రాయి పోగొట్టుకున్నవాళ్ళు మరీ దిగులు పడక్కర్లేదు. పాత సీటీ స్కాన్ ఉంటే డాక్టరుకి చూపించండి. రాయి సాంద్రత బట్టి యూరిక్ యాసిడ్ కావచ్చా అని ఒక అంచనాకి రాగలరు. మామూలు ఎక్స్‌రేలో యూరిక్ యాసిడ్ రాయి కనబడదు, కాబట్టి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నంత మాత్రాన రాయి లేనట్టు కాదు.

రక్తపరీక్ష, మామూలు యూరిన్ పరీక్ష

రాయి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇవి అవసరమే, ఇందులో ఎంపిక లేదు. రక్తంలో క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చి కిడ్నీల ద్వారా బయటికి పోయే వ్యర్థం), కాల్షియం, యూరిక్ యాసిడ్, సోడియం, పొటాషియం, బైకార్బొనేట్ చూస్తారు. మూత్రంలో పీహెచ్, ఇన్ఫెక్షన్, స్ఫటికాలు చూస్తారు. దాదాపు ఏ పట్నంలో అయినా అవుతాయి.

ఇందులో మీరు కళ్ళు పెట్టుకుని చూడాల్సిన అంకె రక్తంలో కాల్షియం. అది ఎక్కువున్నా, పైహద్దుకి అంటుకుని ఉన్నా పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్ష అడగండి. మెడలో ఉండే ఆ చిన్న గ్రంథులు అతిగా పనిచేస్తే ఎముకల్లో కాల్షియం రక్తంలోకి, అక్కడినుంచి మూత్రంలోకి చేరుతుంది. అలాంటి మనిషికి సమస్య మెడలో ఉంటే వైద్యం నడుముకి జరుగుతూ ఉంటుంది. గ్రంథికి ఆపరేషన్ చేస్తే మూలకారణమే పోతుంది. విటమిన్ డి సాచెట్లు వారం వారం నెలల తరబడి వేసుకుంటున్నవాళ్ళు, విటమిన్ సి మాత్రలు రోజూ మింగేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఎక్కువ మోతాదు విటమిన్ సి ఒంట్లో ఆక్సలేట్‌గా మారుతుంది.

24 గంటల మూత్రం: శ్రమ ఎక్కువ, చెప్పేది కూడా ఎక్కువే

చాలామంది వెనకాడేది దీనికే. ఒక రోజంతా పోసిన మూత్రాన్ని ఒక పెద్ద క్యాన్‌లో పట్టి ల్యాబ్‌కి ఇవ్వాలి. వినడానికే ఇబ్బందిగా ఉంటుంది. నేనూ రెండు నెలలు వాయిదా వేశాను.

ఎలా చేయాలో నా అనుభవంతోనే చెప్తాను. సెలవు రోజు చూసుకోండి. నేను ఆదివారం ఎంచుకున్నాను. ఉదయం 6 గంటలకి లేవగానే పోసిన మూత్రం పట్టకూడదు, వదిలేయాలి. ఆ టైము రాసుకోవాలి. ఆ తర్వాత పగలు, రాత్రి ప్రతి చుక్కా క్యాన్‌లోకే. మర్నాడు ఉదయం 6 గంటలకి లేవగానే పోసింది కూడా కలిపితే లెక్క పూర్తయినట్టు. ఆడవాళ్ళకి వెడల్పు మూతి మగ్గు ఒకటి దగ్గరుంటే తేలిక. దాంట్లో పట్టి క్యాన్‌లో పోయాలి. కొన్ని ల్యాబ్‌లు క్యాన్‌లో ముందే యాసిడ్ వేసి ఇస్తాయి. అది ఒంటి మీద పడితే కాలుతుంది, కాబట్టి ఎవరూ నేరుగా క్యాన్‌లోకి మూత్రవిసర్జన చేయకండి, మగ్గులో పట్టి జాగ్రత్తగా వంచండి, పిల్లలకి అందకుండా పెట్టండి. కాల్షియం, ఆక్సలేట్ అడుక్కి పేరుకోకుండా ఆ యాసిడ్ వేస్తారు. అయితే అదే యాసిడ్ వల్ల యూరిక్ యాసిడ్ పేరుకుపోతుంది, పీహెచ్ కూడా తెలియదు. అందుకని ఏ అంకె ఏ క్యాన్‌లోంచి తీస్తారు, రెండు క్యాన్లు కావాలా అని ముందే అడగండి. క్యాన్‌ని చల్లగా ఉంచమంటారు. మా అత్తయ్యకి ఫ్రిజ్‌లో పెట్టడం ఇష్టం లేకపోతే కూరగాయల మార్కెట్ దగ్గర థర్మాకోల్ పెట్టె తెచ్చి ఐసు వేసి బాత్రూంలో పెట్టాను. ఇబ్బంది లేకుండా గడిచిపోయింది.

అన్నిటికంటే ముఖ్యం: ఆ రోజు ఎప్పుడూ తినేదే తినండి, ఎప్పుడూ తాగినంతే తాగండి. పరీక్ష కదా అని ఆ ఒక్కరోజు నాలుగు లీటర్లు తాగి, పచ్చడి ముట్టకపోతే రిపోర్టు బాగుంటుంది, రాయి మాత్రం దాని మానాన అది పెరుగుతూ ఉంటుంది. ఆదివారం మీ ఇంట్లో తిండి బడి రోజుల తిండికి బొత్తిగా వేరైతే, ఒక సెలవు పెట్టి అయినా మామూలు రోజునే చేయండి. రాయి నొప్పి, ఇన్ఫెక్షన్, మూత్రనాళంలో పెట్టిన స్టెంట్ గొట్టం ఉన్నప్పుడు ఈ పరీక్ష పనికిరాదు. రాయి పోయాక కనీసం మూడు వారాలు ఆగాలి.

నా మొదటి రిపోర్టులో క్రియాటినిన్ 640 మిల్లీగ్రాములు వచ్చింది. డైటీషియన్ అమ్మాయి దాన్ని చూడగానే "మేడమ్, ఒకసారి పట్టడం మరిచిపోయారు" అంది. రాత్రి నిద్రమత్తులో లేచి మామూలుగా వెళ్ళొచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆమెకి ఎలా తెలిసిందంటే, మనిషి బరువుని బట్టి రోజుకి ఎంత క్రియాటినిన్ బయటికి పోవాలో ఒక అంచనా ఉంది: ఆడవాళ్ళకి కిలోకి సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాములు, మగవాళ్ళకి 20 నుంచి 25. నా బరువు 62 కిలోలు. అంటే 930 నుంచి 1240 మధ్య ఉండాలి. 640 అంటే ఆ రోజు మూత్రంలో మూడో వంతు క్యాన్‌లో పడనట్టే, మిగతా అంకెలన్నీ కూడా తప్పే. మళ్ళీ చేశాను. ఈసారి 1050. మీ రిపోర్టు చేతికి రాగానే మొట్టమొదట ఈ భాగహారం చేసుకోండి. చాలామంది డాక్టర్లకి దీన్ని చూసే తీరిక ఉండదు.

రెండో రిపోర్టు చూసి నాకు నోట మాట రాలేదు. ఆక్సలేట్ 31 మిల్లీగ్రాములు. 40 లోపు ఉంటే సరే అంటారు. అంటే పాలకూర, టమాటా నాలుగేళ్ళు మానేశాక కూడా వచ్చిన మూడో రాయికి కారణం వేరే ఎక్కడో ఉంది. మూత్రం మొత్తం 1.1 లీటర్లు, ఉండాల్సింది 2.5 లీటర్లు. రాయి గడ్డకట్టకుండా అడ్డుకునే సిట్రేట్ 190, కనీసం 320 దాటాలి. సోడియం 221 మిల్లీమోల్స్.

ఆ సోడియం అంకెని 17తో భాగిస్తే మనం రోజుకి తిన్న ఉప్పు గ్రాముల్లో వస్తుందని ఆ అమ్మాయి చెప్పింది. 221ని 17తో భాగిస్తే 13. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను లోపు. నేను కూరలో ఉప్పు తక్కువే వేస్తాను. మరి ఎక్కణ్ణుంచి వచ్చింది? బడికి పట్టుకెళ్ళే బాక్సులో రోజూ ఆవకాయో, గోంగూర పచ్చడో. రాత్రి పెరుగు బదులు చారన్నంలోకి అప్పడం, ఊరమిరపకాయ. పెరుగు మానేశాను కాబట్టి నంజుళ్ళు పెరిగాయి. కిడ్నీ ఆ ఉప్పుని బయటికి పంపేటప్పుడు దాంతో పాటు కాల్షియాన్ని కూడా మూత్రంలోకి వదులుతుంది. నా చీటీలో మానేయమన్నవి మానేశాను, చీటీలో లేనిదాన్ని పెంచుకున్నాను.

పరీక్ష లేకుండానే జాగ్రత్తలు పాటిస్తే సరిపోదా?

ఇది న్యాయమైన ప్రశ్నే. డాక్టర్లలోనే దీనిమీద ఏకాభిప్రాయం లేదు. 2014లో అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ మళ్ళీ మళ్ళీ రాళ్ళు వచ్చేవాళ్ళకి, ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి 24 గంటల మూత్రపరీక్ష చేయాలంది. అదే ఏడు అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ మాత్రం పరీక్షల వల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారాలు చాలవనీ, ముందు రోజుకి కనీసం 2 లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్ళు తాగించి, అది చాలకపోతే మందు మొదలుపెట్టొచ్చనీ చెప్పింది.

నీళ్ళ బలం తక్కువది కాదు. ఇటలీలోని పార్మాలో మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని ఐదేళ్ళు గమనించి 1996లో ప్రచురించారు. నీళ్ళు బాగా తాగినవాళ్ళలో 12 శాతం మందికి మళ్ళీ రాయి వస్తే, తాగనివాళ్ళలో 27 శాతం మందికి వచ్చింది. కాబట్టి మొదటిసారి ఒకే ఒక్క చిన్న రాయి వచ్చి, కుటుంబంలో ఎవరికీ లేక, వేరే జబ్బులేమీ లేకపోతే, రాయి పరీక్ష, రక్తపరీక్ష చేయించుకుని నీళ్ళు, ఉప్పు సంగతి చూసుకుంటే చాలని నా అభిప్రాయం. క్యాన్ పరీక్ష అప్పుడే అక్కర్లేదు.

రెండోసారి వచ్చిందా, లెక్క మారిపోతుంది. అలాగే పిల్లలకి రాయి వచ్చినా, ఒకే కిడ్నీ ఉన్నా, రెండు వైపులా ఒకేసారి రాళ్ళున్నా, అమ్మకో నాన్నకో ఉన్నా, గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ళ జబ్బు) ఉన్నా, పేగుల జబ్బు ఉన్నా, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నా, రాయి యూరిక్ యాసిడో సిస్టీనో అని తేలినా మొదటిసారికే పూర్తి పరీక్ష చేయించాలి. పిల్లల విషయంలో అస్సలు వాయిదా వద్దు. ఎండలో పనిచేసేవాళ్ళని, గల్ఫ్‌లో సైట్ల మీద ఉండే మనవాళ్ళని కూడా నేను ఈ జాబితాలోనే వేస్తాను. వాళ్ళు తాగిన నీళ్ళలో సగం చెమటగానే పోవచ్చు. "రోజుకి నాలుగు లీటర్లు తాగుతున్నా" అని వాళ్ళు చెప్పేది నిజమే, కానీ మూత్రంగా ఎంత వస్తోందో క్యాన్‌లో పడితేనే తెలుస్తుంది.

ఒకసారి చాలా, రెండుసార్లా? అమెరికా వాళ్ళు ఒకటో రెండో చాలంటారు. యూరప్ వాళ్ళు వరసగా రెండు రోజులు చేయమంటారు. రెండు చేయించగలిగితే మంచిదే. కానీ రెండోసారి డబ్బుని, మొదటి వారంలోనే ఖర్చుపెట్టకుండా, అలవాట్లు మార్చుకున్నాక రెండు మూడు నెలలకి వాడుకోవడం నాకు ఎక్కువ ఉపయోగపడింది. మార్పు ఫలించిందో లేదో చెప్పేది ఆ రెండో రిపోర్టే. నాకు మూడు నెలల తర్వాత మూత్రం 2.3 లీటర్లు, సోడియం 136, సిట్రేట్ 380 వచ్చాయి. ఆ అంకెలు చూశాకే నీళ్ళ సీసా నా చేతిలో భాగమైంది.

ల్యాబ్‌కి డబ్బు కట్టేముందు "సిట్రేట్, ఆక్సలేట్ చేస్తారా?" అని అడగండి. చిన్న ల్యాబ్‌లలో చాలాచోట్ల కాల్షియం, యూరిక్ యాసిడ్‌తో సరిపెడతారు. సిట్రేట్ లేని రిపోర్టుకి అంత శ్రమ పడటం దండగ. మూత్రం పరిమాణం, పీహెచ్, క్రియాటినిన్, కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ యాసిడ్, సిట్రేట్, సోడియం, పొటాషియం, ఈ తొమ్మిదీ ఉండాలి.

చెప్పేవాళ్ళని ఎంచుకోవడం

పరీక్ష ఎంత మంచిదైనా దాన్ని వివరించే మనిషి లేకపోతే ఆ కాగితం ఫైల్లో ఉండిపోతుంది. అందుకని ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు మెషీన్లు చూసినట్టే, "రిపోర్టు వచ్చాక కూర్చుని చెప్పేవాళ్ళు ఉన్నారా?" అని కూడా అడగండి. డైటీషియన్ కావచ్చు, నర్సు కావచ్చు. నాకు ఆ అమ్మాయి ఇచ్చింది ఇరవై నిమిషాలు. మూడు రాళ్ళ చరిత్రలో నాకు బాగా పనికొచ్చిన ఇరవై నిమిషాలు అవే.

అచ్చు చీటీ గురించి చెప్పాను. అందరికీ ఒకే చీటీ అంటే అందరికీ ఒకే సైజు చెప్పులు ఇవ్వడమే. ముఖ్యంగా "పాలు, పెరుగు మానేయండి" అని ఉంటే ఆ చీటీని నమ్మకండి. పార్మా వాళ్ళే 2002లో, మూత్రంలో కాల్షియం ఎక్కువపోయే 120 మంది మగవాళ్ళ మీద ఐదేళ్ళు చూశారు. కాల్షియం తగ్గించి తిన్న 60 మందిలో 23 మందికి మళ్ళీ రాయి వచ్చింది. కాల్షియం మామూలుగానే ఉంచి ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చింది. అన్నంతో పాటు తిన్న పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ని పేగులోనే పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. పెరుగు లేకపోతే ఆ ఆక్సలేట్ నేరుగా రక్తంలోకి, కిడ్నీలోకి వెళ్తుంది. ఆక్సలేట్ ఎక్కువున్నవాళ్ళు కూడా పాలకూర, తోటకూర, చుక్కకూర తగ్గించుకోవాలి, పెరుగు మాత్రం భోజనంతోనే తినాలి.

యూట్యూబ్, వాట్సాప్ సలహాలది ఇంకో ఇబ్బంది. టమాటా గింజలే రాళ్ళవుతాయని నాకు కనీసం పదిమంది పంపారు. టమాటాలో ఆక్సలేట్ తక్కువే. బోరు నీళ్ళ వల్లే అందరికీ రాళ్ళని ఊళ్ళో అంటారు. ఆ భయంతో నీళ్ళు తగ్గించుకున్నవాళ్ళని నేను చూశాను, అదే అసలు ప్రమాదం. కొండపిండి ఆకు కషాయం గురించి చాలామంది అడుగుతారు. కొండనైనా పిండి చేస్తుందని దానికి ఆ పేరు. మా నాయనమ్మ కూడా ఇచ్చేది. మనుషుల మీద పెద్ద ట్రయల్స్‌లో అది రుజువు కాలేదు. ఎప్పుడో ఒకసారి తాగినందుకు నేను తప్పుపట్టను. కానీ కషాయం తాగుతున్నాం కదా అని స్కాన్ వాయిదా వేస్తే, నొప్పి లేకుండానే రాయి దారికి అడ్డుపడి కిడ్నీ లోలోపల పాడైపోవచ్చు. నొప్పి తగ్గిందంటే రాయి పోయిందని అర్థం కాదు.

డబ్బు పెట్టే స్తోమత లేనివాళ్ళకి నేను చెప్పే చవకైన గురువులు రెండు. ఒకటి మూత్రం రంగు: లేత నిమ్మరసం రంగు దాటి పచ్చగా ఉంటే నీళ్ళు చాలడం లేదు. రెండోది ఇంట్లో ఏదో ఒక కొలత డబ్బా: నెలకి ఒక ఆదివారం మీరే కొలుచుకోండి, రెండున్నర లీటర్లు వస్తోందా లేదా. గుండె జబ్బు, కిడ్నీ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళు మాత్రం నీళ్ళు పెంచేముందు డాక్టరుని అడగాలి. యూరిక్ యాసిడ్, సిస్టీన్ రాళ్ళవాళ్ళకి మెడికల్ షాపులో దొరికే పీహెచ్ స్ట్రిప్పులు బాగా పనికొస్తాయి.

మందుల దగ్గర రెండు మాటలు

మూత్రంలో మంట అనగానే షాపువాళ్ళు ఇచ్చే ఆల్కలైజర్ సిరప్‌లని రాయికి కూడా నెలల తరబడి తాగేవాళ్ళున్నారు. సీసా మీద పేరు చదవండి. డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్ అని ఉంటే అందులో ఉన్నది సోడియం. ఆ సోడియం మూత్రంలో కాల్షియాన్ని పెంచుతుంది. సిట్రేట్ తక్కువున్నవాళ్ళకి డాక్టర్లు ఎంచుకునేది పొటాషియం సిట్రేట్. అది కూడా రక్తంలో పొటాషియం, కిడ్నీ పనితీరు చూశాకే, ముఖ్యంగా బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి. నిమ్మరసం సిట్రేట్‌ని కొంత పెంచుతుంది, మాత్ర అంత కాదు. రోజుకి రెండు కాయలు నీళ్ళలో పిండుకుని, ఉప్పు వేయకుండా తాగండి. ఉప్పేసిన నిమ్మసోడా తాగితే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే.

మూత్రంలో కాల్షియం ఎక్కువున్నవాళ్ళకి థయజైడ్ మాత్రలు దశాబ్దాలుగా ఇస్తున్నారు. 2023లో స్విట్జర్లాండ్‌లో 416 మంది మీద జరిగిన నోస్టోన్ ట్రయల్‌లో, ఆ రకం మాత్రే అయిన హైడ్రోక్లోరోథయజైడ్‌కి, ఉత్తుత్తి మాత్రకి రాళ్ళు తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మీకు ఆ మాత్ర రాసి ఉంటే మీ అంతట మీరు మానకండి, "నా కాల్షియం అంకె ఎంత, ఇది ఎందుకు?" అని అడగండి. యూరిక్ యాసిడ్ రాయికి కూడా రక్తంలో యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ కంటే ముందు చూడాల్సింది మూత్రం పీహెచ్.

నాకు సిట్రేట్ మాత్ర మొదలుపెట్టారు, ఉప్పు తగ్గించాను, పెరుగు మళ్ళీ తింటున్నాను. పాలకూర పప్పు కూడా వారానికోసారి. నాలుగో రాయి ఇంతవరకూ రాలేదు.

అసలు నేను రోజంతా 1.1 లీటర్లే ఎందుకు పోసేదాన్నో కూడా చెప్పాలి. మా బడిలో టీచర్ల బాత్రూంకి చాలాకాలం తలుపు గడియ లేదు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నీళ్ళు తాగకుండా ఉండటం మా ఆడ టీచర్లందరికీ అలవాటైపోయింది. దుకాణాల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు, పొలం పనులకి వెళ్ళేవాళ్ళు, బందోబస్తు డ్యూటీలో ఉండే మహిళా కానిస్టేబుళ్ళు అందరిదీ ఇదే కథ. వాళ్ళకి "నీళ్ళు బాగా తాగండి" అని రాసిన చీటీ ఏం చేస్తుంది? రిపోర్టు వచ్చిన వారమే మేం నలుగురం కలిసి గడియ పెట్టించాం, బకెట్, మగ్గు కొన్నాం. ఇప్పుడు ఎండాకాలంలో బడిలో వాటర్ బెల్ కొట్టినప్పుడు పిల్లలతో పాటు నేనూ సీసా ఎత్తుతాను. తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి బెల్ కొట్టినా తాగదు. ఎందుకని అడిగితే తల దించుకుంది. ఆడపిల్లల బాత్రూంలో నీళ్ళు రావడం లేదు. పంచాయతీకి అర్జీ పెట్టాం, వచ్చే వారం ప్లంబర్ని పంపిస్తామన్నారు.